జన్యువుల లెక్కలలో జనుల చరిత్ర

అనంతపురము జిల్లాలో తాడిపత్రికి సమీపమున యాడికి అను ఊరు కలదు. సాలున సగటున 550 మిల్లీమీటర్లు వాన కురిసిన చాలునని సంతసించు మెట్టసీమ అది. నాపరాతి నేలలు, వేరుసెనగ చేలు, మబ్బు వంక చూచు రైతులు, మగ్గమును నమ్ముకొన్న నేతగాండ్రు. ఆ ప్రాంతపు ఊళ్ళన్నిటికిని ఇంచుమించుగా ఇదియే వర్ణన. ఇట్టి ఊరి చరిత్ర వ్రాయబూనిన వానికి లభించు ఆధారములు ఎవ్వి? గుడులలోని శాసనములు కొన్ని. కర్నల్ మెకంజీ సేకరింపించిన కైఫీయతుల వంటి స్థానిక వృత్తాంతములు. 1800లో నైజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసిన పిమ్మట మన్రో కాలమునుండి నిలిచిన రెవిన్యూ పత్రములు. 1871 నుండి జరుగుచు వచ్చిన జనాభా లెక్కలు. ఐదారు వందల ఏండ్లు వెనుకకు పోవుసరికి దీపము సన్నగిల్లును. వెయ్యేండ్లకు పూర్వము ఇచ్చట ఎవరుండిరో, వారికి నేటివారు ఏమగుదురో చెప్పు కాగితము లేదు.

ఉన్న కాగితములలో కంటికి కొట్టవచ్చినట్లు కనబడు సంఘటన 1876-78 నాటి కరువు. ధాత నామ సంవత్సరమున మొదలైనది గనుక ప్రజలు దానిని ధాత కరువనిరి. అనంతపురము అప్పటికి ప్రత్యేక జిల్లా కాదు. 1882 వరకు బళ్ళారి జిల్లాలో భాగము. 1871 లెక్కకును 1881 లెక్కకును నడుమ ఈ ప్రాంతపు జనసంఖ్య సుమారు ఐదవ వంతు తగ్గిపోయెను. మామూలుగా పెరుగవలసిన జనము పెరుగకపోవుటయే గాక ఇంత తరుగుట ఎంతటి ఉత్పాతమో ఊహించుకొనవచ్చును. అట్టి ఉత్పాతము బ్రతికి బయటపడిన వారి సంతతి రక్తములో ఏదేని గుర్తు విడిచి యుండవలెను గదా అని ఎవరికైనను తోచును.

లెక్క వేసి చూచిన, అట్టి గుర్తు దాదాపు ఏమియు ఉండదని తేలును. మరియొక వంక, ఏ శాసనమునను లేని, ఏ ముదుసలికిని తెలియని సంఘటన యొకటి, రెండు వేల ఏండ్లకు పైబడినది, నేటి తెలుగువారి జన్యువులలో చెక్కిన రాతివలె స్పష్టముగ నిలిచియున్నది. మనుష్యుల జ్ఞాపకమునకును జన్యువుల జ్ఞాపకమునకును ఇంత భేదమేల? ఆ భేదమును పట్టి చూపునది సాంఖ్యకశాస్త్రము.

ఈ విద్యకు పునాదులు వేసినవారిలో ఒకరు యాడికికి పొరుగు సీమలోనే పుట్టిరి. లోకము సి.ఆర్. రావు అని ఎరిగిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో నాటి బళ్ళారి జిల్లాలోని హడగలిలో, తెలుగు కుటుంబమున, పదిమంది బిడ్డలలో ఎనిమిదవవాడుగా జన్మించిరి. ఆ ఊరు నేడు కర్ణాటకములోని విజయనగర జిల్లాలోనిది. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నములలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున పట్టము పొంది, కలకత్తా చేరి, 1943లో ఆ విశ్వవిద్యాలయపు మొదటి సాంఖ్యకశాస్త్ర ఎం.ఏ. తరగతినుండి బయటికి వచ్చిరి. అచ్చట ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు అధిపతి ప్రశాంత చంద్ర మహలనోబిస్.

మహలనోబిస్ ఈ దారిలోనికి వచ్చిన తీరు చిత్రమైనది. ఆయన భౌతికశాస్త్రోపాధ్యాయుడు. 1920లో నాగపురమున జరిగిన సైన్సు కాంగ్రెసులో జంతుశాస్త్ర సర్వే అధిపతి నెల్సన్ ఆనండేల్ ఆయనను కలిసికొని, కలకత్తాలోని ఆంగ్లో-ఇండియనుల శరీరపు కొలతలు తనయొద్ద నున్నవనియు, వానిని విశ్లేషింపుమనియు కోరెను. ఏ సముదాయము ఏ సముదాయమునకు దగ్గర, ఎంత దగ్గర అను ప్రశ్నకు అంకెలలో జవాబు చెప్పుట ఎట్లు? ఈ ప్రశ్నతో ఆయన పదిహేనేండ్లు పెనుగులాడి, 1936లో తన దూరమానమునకు పరిపూర్ణ రూపమిచ్చిరి. అదియే డి-స్క్వేర్.

దాని కిటుకు ఇది. రెండు సముదాయముల ఎత్తులు పోల్చితిమి, భేదము కనబడినది. తరువాత కాలి పొడవులు పోల్చితిమి. మరల భేదము కనబడినది. అంతమాత్రమున రెండు సాక్ష్యములు దొరికినవని సంతోషింపరాదు. పొడగరికి కాళ్ళును పొడుగే. ఒక్క సాక్షినే రెండుమార్లు బోనెక్కించి, ఇద్దరు సాక్షులని లెక్క వ్రాసికొనినట్లగును. కొలతల నడుమగల ఈ పొత్తునే సహసంబంధ మందురు. డి-స్క్వేర్ ఆ పొత్తును తీసివైచి, మిగిలిన నికరమైన భేదమును మాత్రమే దూరముగా లెక్కించును. 1941లో డి.ఎన్. మజుందార్ సంయుక్త రాష్ట్రములలో పలు కులముల, తెగల వారిని కొలిచి తెచ్చిన అంకెలను మహలనోబిస్, మజుందార్, రావు మువ్వురు ఈ పద్ధతినే విశ్లేషించి 1949లో ప్రకటించిరి. అప్పుడు గణనయంత్రములు లేవు. చేతితో త్రిప్పు యంత్రములపై లెక్కగాండ్రు నెలల తరబడి కూర్చుండి గుణించిరి.

1946లో కేంబ్రిడ్జి నుండి పిలుపు వచ్చినది. సూడానులో జెబెల్ మోయా అనుచోట సర్ హెన్రీ వెల్కమ్ త్రవ్వించిన ప్రాచీన శ్మశానమునుండి వచ్చిన ఎముకల కొలతలు అక్కడి మ్యూజియములో పేరుకొని యుండెను. ఆ మృతులు ఏ జనులకు దాయాదులో తేల్చుటకు డి-స్క్వేర్ తెలిసిన మనుష్యుడు కావలసి వచ్చెను. సి.ఆర్. రావు రెండేండ్లు ఆ పనిలో నుండి, ఆ కాలముననే ఆర్.ఏ. ఫిషర్ వద్ద చేరి, పగలు ఎముకల లెక్కలు, మిగిలిన వేళలలో ఫిషర్ పెంచు ఎలుకల జన్యుపటముల పని చేసి, 1948లో డాక్టరు పట్టము పొందిరి. జెబెల్ మోయా గ్రంథము 1955లో వెలువడెను. 2023లో, తమ నూట మూడవ యేట, రావు కీర్తిశేషులైరి.

అయితే ఎముకలతోను కొలతబద్దతోను ఒక చిక్కు కలదు. ఎత్తు తల్లిదండ్రుల నుండి మాత్రమే రాదు, తిండి నుండియు వచ్చును. ధాత కరువులో ఎదిగిన బిడ్డ పొట్టివాడయ్యెనన్న, అది వంశపు గుణము కాదు, ఖాళీ కుండ చేసిన పని. చరిత్రను చదువదలచినచో తిండికి, ఎండకు మారని గుర్తు కావలెను. మొదట దొరికిన అట్టి గుర్తు రక్తవర్గము. మొదటి ప్రపంచయుద్ధమున సలోనికా రంగమున నున్న హిర్ష్‌ఫెల్డ్ దంపతులు నానాదేశపు సైనికుల రక్తమును పరీక్షించి, 1919లో ఫలితములు ప్రకటించిరి. బి వర్గము భారత సైనికులలో అందరికంటె హెచ్చుగ కనబడెను. ఒక్క గుర్తుతో చరిత్ర చెప్పబోవుట ఒక్క అక్షరముతో గ్రంథము చదువబోవుట వంటిదే. కాని దారి తెరచుకొన్నది. నేడు మానవుని డి.ఎన్.ఎ. లో మనిషికి మనిషికి మారు స్థానములు లక్షలు లక్షలుగా చదువబడుచున్నవి. ఒక్కొక్క స్థానమున ఒక్కొక్కరికి ఏ రూపాంతరము కలదో, ఆ రూపాంతరము ఏ సముదాయములో నూటికెంతమందికి కలదో, ఇదియే ఇప్పటి సాంఖ్యకునికి ముడిసరుకు.

ఇక కరువు లెక్కకు వత్తము. యాడికి రైతు నొకని తీసికొందము. అతని గాదెలో విత్తనపు వేరుసెనగ కలదు. నూటికి తొంబది ఎర్రగింజ, పది తెల్లగింజ. కరువు వచ్చి కాయంతయు తిండికి, అప్పుకు పోయి, కండ్లు మూసికొని తీసిన పది గింజలే విత్తుటకు మిగిలినవనుకొందము. ఆ పదిలో ఒక్కటియు తెల్లనిది లేకపోవుటకు సంభావ్యత ఎంత? 0.9 ని పదిమార్లు గుణించిన సుమారు 0.35 వచ్చును. అనగా మూడింట ఒక వంతుకు మించిన అవకాశముతో తెల్లగింజ ఆ పొలమునుండి శాశ్వతముగ మాయమగును. లేదా ఆ పదిలో మూడు తెల్లవి పడవచ్చును. అప్పుడు పదిపాళ్ళున్న తెల్లగింజ మరుసటి యేట ముప్పదిపాళ్ళగును. తెల్లగింజ మంచిదనియు కాదు, చెడ్డదనియు కాదు. పిడికిలి చిన్నది, అంతే. దీనినే జన్యు విస్థాపన మందురు. పదికి మారుగా వెయ్యి గింజలు మిగిలినచో తెల్లనిది పూర్తిగా పోవుట అసంభవమనియే చెప్పవచ్చును. దాని పాలు కూడ పదికి అటునిటు ఒకటి రెండు పాళ్ళకంటె కదలదు.

మనుష్యులకు ఈ సూత్రము ఇట్లు వర్తించును. ప్రతి మనిషికిని ఒక్కొక్క జన్యువు రెండేసి ప్రతులుండును. సంతానము కను వారి సంఖ్య ఎంతయో దానిని రెండింతలు చేసి, ఒకటిని ఆ సంఖ్యచే భాగించిన, ఒక్క తరములో నశించు వైవిధ్యపు పాలు వచ్చును. పదిమందే మిగిలినచో అది ఇరువదింట ఒక వంతు. ఏబదిమందియే అయి, ఇరువది తరములు అట్లే ఉన్నచో, తరమునకు నూటికొకటి చొప్పున పోయి, మొత్తము నూటికి పదునెనిమిది పాళ్ళు తరుగును. ఇప్పుడు ధాత కరువును చూడుడు. ఆ సీమలో పెండ్లి సంబంధములు కలుపుకొను ఒక సముదాయమున పదివేలమంది సంతానయోగ్యులుండి, రెండువేలమంది మరణించిరనుకొందము. ఎనిమిదివేలు మిగిలిరి. నశించిన వైవిధ్యము పదునారువేలలో ఒక వంతు. దానిని ఏ యంత్రమును పట్టలేదు.

రెండువేల చావులు చావులు కావని దీని అర్థము కాదు. జన్యువుల గణితము దుఃఖమును కొలువదు. మిగిలినవారు పిడికెడా, గంపెడా అని మాత్రమే అడుగును. గంపెడైనచో ఎంతటి ఉత్పాతమునైనను మరచిపోవును. ఇచ్చట ఇంకొక సంగతి గమనింపవలెను. సముదాయమనగా ఊరు కాదు. యాడికి ఆడపడుచు అత్తవారిల్లు తాడిపత్రిలోనో, గుత్తిలోనో ఉండవచ్చును. కోడలు కర్నూలు సీమనుండి రావచ్చును. పెండ్లి సంబంధము ఎంతదూరము ప్రాకునో అంతదూరము ఒకే గాదె. అందుచేతనే జన్యువుల చరిత్రలో ఊళ్ళ పేర్లకంటె వివాహపు కట్టుబాట్లకు ఎక్కువ విలువ కలదు.

ఈ కట్టుబాట్లపై తెలుగుదేశమున మొదట దృష్టి సారించినవారిలో పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1957లో ఇంగ్లండును విడిచి భారతదేశమునకు వచ్చిన జె.బి.ఎస్. హాల్డేన్‌కు ఆయన శిష్యుడు. ఆయనయు మీరాఖానును కలిసి 1960 ప్రాంతమున ఆంధ్రదేశపు మేనరికముల లెక్క తీసి ప్రకటించిరి. మేనమామను పెండ్లాడిన స్త్రీ బిడ్డకు ఏదేని ఒక జన్యువు రెండు ప్రతులును ఒకే పూర్వికుని నుండి వచ్చుటకు ఎనిమిదింట ఒక అవకాశము. మేనబావ అయినచో పదహారింట ఒకటి. ఇది దగ్గరి చుట్టరికపు లెక్క. దూరపు చుట్టరికము సంగతి అప్పటికి ఎవరి చేతికిని అందలేదు.

అది అందినది 2009లో. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగులును, అమెరికాలో డేవిడ్ రైక్, నిక్ పాటర్సన్ మొదలగువారును కలిసి, దేశమునందలి 25 సముదాయములనుండి 132 మందిని తీసికొని, ఒక్కొక్కరిలో 5,60,000 కు పైగా స్థానములు చదివిరి. సగటున సముదాయమునకు ఐదుగురే! ఐదుగురు లక్షలమందికి సాక్ష్యము చెప్పగలరా అని విద్యార్థి అడిగినచో అడుగవలసిన ప్రశ్నయే. ఒక్కొక్క మనిషి డి.ఎన్.ఎ. వందలాది పూర్వికులనుండి ముక్కలు ముక్కలుగా వచ్చి అతుకుకొన్నది. ఐదుగురిని చదువుట ఐదు సాక్ష్యములు వినుట కాదు. ఆ సముదాయపు ముత్తాతలలో అనేకులను ఒక్కమారే వినుట. నేడు ఎవరు ఎట్లున్నారన్న ప్రశ్నకు ఐదుగురు చాలరు. పూర్వము ఏమి జరిగెనన్న ప్రశ్నకు చాలవరకు చాలుదురు.

ఆ లెక్కలలో తేలిన మొదటి సంగతి సమ్మిశ్రణము. పరీక్షింపబడిన సముదాయములలో అధిక సంఖ్యాకములు రెండు ప్రాచీన జనధారల కలయికగ కనబడెను. ఒకటి పశ్చిమాసియా, ఐరోపాల వంకకు చేరువ. రెండవది ఏ బయటి జనులకును అంత చేరువ కాదు, దూరముగ లిటిల్ అండమాను ఓంగేలకు మాత్రము చుట్టము. మొదటిధార పాలు నూటికి 39 నుండి 71 వరకు మారుచుండెను. అగ్రమని చెప్పుకొను కులమైనను, కొండలలోని తెగయైనను, ముఖ్యభూభాగమున కలయని వారు ఒక్కరును కనబడలేదు. ఇంత ధీమాగా ఎట్లు చెప్పగలిగిరి? ఒక స్థానమున ఒక రూపాంతరము ఒక ధారలో 80 పాళ్ళు, రెండవ దానిలో 20 పాళ్ళు ఉన్నచో, సగము సగము కలిసినవారిలో 50 ఉండవలెను. కాని వేరుసెనగ పిడికిలి న్యాయమున అది 40 కావచ్చును, 65 కావచ్చును. ఒక్క స్థానము అబద్ధమాడును. లక్షల స్థానముల మీద సగటు తీసినచో పిడికిలి చేసిన అల్లరి ఒకదానితో ఒకటి కొట్టుకొనిపోయి, కలయిక ఒక్కటే నిలుచును.

ఆ కలయిక ఎప్పుడు జరిగినది? మహలనోబిస్ తన లెక్కలో అడ్డమని తీసివైచిన సహసంబంధమే ఇచ్చట గడియారమైనది. మగ్గముతో పోల్చిన సులభముగ తెలియును. రెండు ధారల వారికి పుట్టిన మొదటి బిడ్డలో తల్లి వంకనుండి వచ్చిన క్రోమోసోము ఒక రంగు నూలు, తండ్రి వంకది వేరొక రంగు నూలు. రెండును నిడుపుగ, తెగక ఉండును. ఆ బిడ్డ పెరిగి తాను సంతానము కనునప్పుడు ఈ రెండు పోగులును అచ్చటచ్చట తెగి, ఒకదాని ముక్క ఒకదానికి అతుకుకొని, రంగు మారుచున్న ఒక్క పోగుగ బిడ్డకు చేరును. తరతరమునకు ఈ త్రెంపులు హెచ్చును, ఒకే రంగు ముక్కలు పొట్టివగును. పక్కపక్కనున్న రెండు స్థానములు ఒకే రంగువై యుండు పొత్తు, తరములు గడచినకొలది, దూరము పెరిగినకొలది సన్నగిల్లును. జన్యుదూరమును సెంటీమోర్గానులలో కొలుతురు. ఒక సెంటీమోర్గాను అనగా ఒక తరములో నూటికొక త్రెంపు పడు దూరము. ఆ దూరమున 64 తరముల పిమ్మట మొదటి పొత్తులో సుమారు 53 పాళ్ళు నిలుచును. 144 తరముల పిమ్మట 24 పాళ్ళే నిలుచును. కావున పొత్తు ఎంత త్వరగా పడిపోవుచున్నదో గీత గీసి చూచిన తరముల సంఖ్య తెలియును.

2013లో ప్రియా మూర్జానీ, తంగరాజ్ ప్రభృతులు 73 సముదాయములకు ఈ గీతలు గీసి చూడగా 64 నుండి 144 తరముల వరకు వచ్చినవి. తరమునకు 29 ఏండ్ల చొప్పున గుణించిన సుమారు 1,900 నుండి 4,200 ఏండ్లు. అనగా ఆ కాలమున ఈ దేశపు జనులు విరివిగా కలిసిరి. ఆ పిమ్మట ఆ కలయిక సన్నగిల్లి, ఎవరి పొత్తు వారిలోనే అనునది స్థిరపడినది. ఈ తేదీలను పంచాంగపు తిథులవలె చదువరాదు. కలయిక వెయ్యేండ్లు సాగినచో గడియారము ఆ వెయ్యేండ్ల నడుమ నెక్కడనో ఒక చోటు చూపును. మొదటి నాటిని చూపదు.

రెండు ధారలను మాట కూడ స్థిరము కాదు. 2019లో ప్రాచీన అస్థికల డి.ఎన్.ఎ. వచ్చిచేరగా, ఆ రెండును మూలధారలు కావనియు, సింధునాగరికతా ప్రాంతపు జనులు, స్టెప్పీ మైదానములనుండి వచ్చిన పశుపాలకులు, ఈ గడ్డమీది అతి ప్రాచీన వేటగాండ్రు, ఈ మూడు పాయలు వేర్వేరు పాళ్ళలో కలిసి ఏర్పడినవనియు తేలెను. రాఖీగఢీలో అరువదికి పైగా నమూనాలు పరీక్షించగా చదువదగిన డి.ఎన్.ఎ. ఇచ్చినది ఒక్క స్త్రీ అస్థిక మాత్రమే. వేడి దేశమున డి.ఎన్.ఎ. త్వరగా శిథిలమగును. అనంతపురము జిల్లా పాలవాయిలోని నవీన శిలాయుగపు బూడిదదిబ్బవంటి తావులనుండి అట్టి సాక్ష్యము ఆశించుట కష్టమే. దక్కను పీఠభూమికి సంబంధించినంతవరకు పూర్వికులను ప్రశ్నించుటకు బ్రతికియున్నవారి నెత్తుటి బొట్టును, సాంఖ్యకశాస్త్రమును తప్ప వేరు దారి ప్రస్తుతమునకు కానరాదు.

2009 నాటి లెక్కలలో తేలిన రెండవ సంగతియే మొదట ప్రస్తావించిన శిలాక్షరము. ఆ 25 సముదాయములలో ఆంధ్రదేశపు వైశ్యులొకరు. వారిలో ఏ చుట్టరికమును ఎరుగని ఇద్దరిని తీసికొనినను, వారి డి.ఎన్.ఎ. లో ఒకే పూర్వికునినుండి వచ్చిన ఒకే తీరు ముక్కలు అనుకొనినదానికంటె చాల హెచ్చుగ కనబడెను. ముక్కల పొడవును బట్టి చూడగా, నూరు తరములకు పూర్వము, అనగా రెండు వేల ఏండ్లకు మునుపే, ఈ సముదాయమునకు మూలమైన వారి సంఖ్య మిక్కిలి తక్కువయై యుండవలెనని తేలినది. నేడు ఏబది లక్షలకు చేరువనున్న జనము ఒకప్పుడు పిడికెడు గింజలు! దీనిని స్థాపక ప్రభావ మందురు.

గుర్తు పడుట ఒక యెత్తు, అది చెరగకుండుట మరియొక యెత్తు. తరమునకు నూటికి ఒక్కరు మాత్రము బయటినుండి వచ్చి కలిసిరనుకొందము. లెక్కింపదగినంత కూడ కాదనిపించును. నూరు తరములకు 0.99 ని నూరుమార్లు గుణించిన 0.37 వచ్చును. అనగా మూలపురుషుల జన్యువులు మూడవ వంతునకు కొంచెము పైగా మిగులును. ఇద్దరిని పోల్చినప్పుడు ఇద్దరిలోను అవే ఉండు అవకాశము 0.37 వర్గము, నూటికి 13 మాత్రమే. గుర్తు మసకబారిపోవలసినదే. అట్లు కాలేదు గనుక బయటి సంబంధములు రెండువేల ఏండ్లుగ నూటికి ఒకటియు లేవన్నమాట. కులపు కట్టుబాటు ఆంగ్లేయుల కాలమున గట్టిపడినదేగాని అంతకు ముందు సడలి యుండెనని వాదించు చరిత్రకారులు కలరు. హోదాల విషయమున, ప్రభుత్వపు లెక్కల విషయమున వారి మాట నిజము కావచ్చును. పెండ్లి పీటల విషయమున మాత్రము, ఈ ఒక్క సముదాయము మట్టుకు, జన్యువుల సాక్ష్యము వేరుగ నున్నది.

వాసవీ కన్యకాపరమేశ్వరి కథ ఎరిగినవారికి ఇచ్చట ఒక సంగతి తటాలున స్ఫురించును. 714 గోత్రముల వారిలో 102 గోత్రముల వారే ఆ తల్లి వెంట నడిచిరనియు, నేటి ఆర్యవైశ్యులు వారి సంతతియనియు సంప్రదాయము. పెద్ద సముదాయమునుండి చిన్నది చీలుట! ఆ కథయే ఈ లెక్క యని అతికించుటకు మనసు ఉవ్విళ్ళూరును. అతికింపరాదు. సంప్రదాయము ఆ కథను మధ్యయుగపు రాజుల కాలమున నిలుపుచున్నది. జన్యువుల లెక్క దానికి వెయ్యేండ్లకు పైగా వెనుకకు పోవుచున్నది. అదియుగాక ముక్కల పొడవు ఎంతమంది అని చెప్పగలదేగాని ఎవరు, ఎందుకు, ఎచ్చట అని చెప్పజాలదు. ఆ మూలస్థులు వర్తకులో, సేద్యగాండ్రో, ఏ భాష మాటలాడిరో కూడ చెప్పజాలదు.

ఏ సముదాయమును కొలిచితిమన్న ప్రశ్నయు చిన్నది కాదు. 2015లో పూర్తియైన వేయి జీనోముల పథకములో తెలుగువారి పేర 102 మంది డి.ఎన్.ఎ. చేర్చబడినది. లోకమందలి శాస్త్రజ్ఞులెల్లరు తెలుగువారనగా ఆ 102 మందినే చూచుచుందురు. వారందరును ఇంగ్లండు దేశమున నివసించువారు. చదువు, ఉద్యోగము, వలస అను మూడు జల్లెడలు దాటినవారిని యాడికి రచ్చబండ దగ్గర కూర్చున్నవారికి ప్రతినిధులని చెప్పవీలులేదు. జీనోమ్ ఇండియా పథకమువారు దేశమునందలి 83 సముదాయములనుండి సుమారు 10,000 మంది జీనోములు చదివి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో ఉంచిరి. గాదె పెద్దదైనది. దేశమున సముదాయములు వేలు గలవు గనుక, చదువవలసినది చాల మిగిలియున్నది.

చదివిన ప్రయోజనమేమి? 2017లో తంగరాజ్, రైక్ ప్రభృతులే 260 కి పైగా సముదాయములకు చెందిన 2,800 మందికి పైగా పరీక్షించి చూడగా, 81 సముదాయములలో స్థాపక ప్రభావము ఫిన్లండు వారిలోకంటె, ఐరోపాలోని అష్కెనాజీ యూదులలోకంటె బలముగ నున్నట్లు తేలెను. ఆ 81 లో 14 పదిలక్షలకు మించిన జనము గలవి. పిడికిలిలో పడిన గింజ మంచిదో చెడ్డదో అని ముందు చెప్పితిమి. చెడ్డ రూపాంతరము ఒక్క మూలస్థునిలో ఉన్నను, నేడది వేలమందిలో ఉండును. ఒక్క ప్రతి ఉన్నవానికి ఏ బాధయు లేదు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చేరినప్పుడే కష్టము. మేనరికము చేసికొనము, మాకు భయము లేదు అని తలచు కుటుంబములకు ఈ లెక్క ముఖ్యము. గోత్రములు వేరైనను, ఊళ్ళు దూరమైనను, నూరు తరముల వెనుక గాదె ఒక్కటే.

అట్టి ప్రమాదములో బిడ్డ పుట్టుక కంటె శస్త్రచికిత్స బల్ల మీద బయటపడునది ఒకటి కలదు. మత్తు ఇచ్చునప్పుడు శ్వాసనాళములో గొట్టము దింపుటకై కండరములను క్షణకాలము వదులుచేయు సక్సినైల్ కోలీన్ అను మందును వాడుదురు. రక్తములోని బ్యూటిరిల్ కోలిన్ ఎస్టరేజు అను ఎంజైము దానిని కొద్ది నిమిషములలో విరుగగొట్టును. రోగి తిరిగి తనంతట ఊపిరి తీయును. ఆ ఎంజైము లోపించినవారిలో మందు గంటల తరబడి నిలిచి, ఊపిరి తీయించు కండరములు కదలవు. ఆ లోపము వైశ్యులలో ఐరోపా, అమెరికా ప్రజలలోకంటె సుమారు నూరురెట్లు హెచ్చు. దానికి కారణమైన మార్పును, ఆ ఎంజైములో 307వ స్థానమున ల్యూసిన్‌కు మారుగ ప్రోలిన్ చేరుటను, కోయంబత్తూరులోని వైశ్యులలో కనుగొని 2006లో ప్రకటించిరి. మామూలు దినములలో ఆ లోపము గలవారికి ఏ జబ్బును ఉండదు. తెలిసికొను అవసరమును రాదు.

అష్కెనాజీ యూదులలో టే-శాక్స్ వ్యాధి బిడ్డలను పొట్టను పెట్టుకొనుచుండెడిది. అచ్చట 1983లో మొదలైన దోర్ యెషోరిమ్ అను సంస్థ యువకులకు రక్తపరీక్ష చేసి, ఫలితమును చెప్పక ఒక సంఖ్యను మాత్రమిచ్చును. పెండ్లిమాటలు జరుగునప్పుడు ఇరువైపులవారు తమ సంఖ్యలు తెలిపిన, ఈ జంట కుదురునా కుదురదా అని మాత్రము జవాబు వచ్చును. ఏ ఇంటి పేరును రచ్చకెక్కదు. పెండ్లికి ముందు జాతకములు చూచు తెలుగు ఇండ్లకు ఈ పద్ధతి అంత వింతగ తోచనక్కరలేదు. ఎంజైము విషయమున ఆ పాటి ఏర్పాటు కూడ అక్కరలేదు. శస్త్రచికిత్సకు ముందు చిన్న రక్తపరీక్షతో లోపము తెలియును. ఇంటిలో ఎవరికైనను మత్తు ఇచ్చిన పిమ్మట ఊపిరి ఆలస్యముగ వచ్చెనా అని డాక్టరు అడిగినప్పుడు ఉన్నదున్నట్లు చెప్పినను చాలును. ఆ ఎంజైముతో పనిలేని రోకురోనియం వంటి మందును ఆయన ఎన్నుకొనును.